కాచిన డప్పు

సాసరులో ముఖానికి పూసే నల్లరంగు కలుపుతూనే అబ్దూన్ మూడోసారి తలుపు వైపు చూశాడు. తను తెచ్చిన డప్పు సెట్టు మీదే ఉంది. ఎవరు ముట్టుకుంటున్నారో, ఏం చేస్తున్నారో!

ఎదురుగా కుర్చీలో హాస్యనటుడు వజ్దీ. రంజాన్ నెలలో వచ్చే టీవీ సీరియల్లో, ఈజిప్టు దక్షిణాన నల్లవాళ్ల సీమ నూబియా నుంచి వచ్చిన కాపలాదారు వేషం అతనిది. కైరోలోని ఆ స్టూడియోలో ఇరవై ఆరేళ్లుగా ఇలాంటి ముఖాలకు నలుపు పూసేది అబ్దూనే. అబ్దూన్ మాత్రం నిజంగానే నూబియా వాడు. ఎండిన ఖర్జూరపు మట్టలా పొడుగ్గా ఉంటాడు. చెవుల వెనక మడతల్లోకి కూడా స్పాంజి పోనిస్తాడు. పనిలో వంక పెట్టనివ్వడు.

"ఇంకా నలుపు కావాలి బాబాయ్," దర్శకుడు హాతిమ్ తొంగి చూసి అన్నాడు.

"నాకంటేనా సారూ?"

"నిన్ను చూస్తే ఎవడు నవ్వుతాడు?"

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ అబ్దూన్ కూడా నవ్వాడు. మొన్న మనవరాలు నబ్రా, "తాతా, టీవీలో ఆ నల్ల ముఖాలు నువ్వే వేస్తావా?" అని అడిగితే, జుట్టు దువ్వుతానంతే అని అబద్ధమాడాడు. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. అందుకే ఈ రోజు తీసే పెళ్లి సన్నివేశానికి తన తల్లి డప్పు తెచ్చిచ్చాడు. ముఖం ఎలాగూ అబద్ధమే, చప్పుడైనా నిజమైతే పిల్లకు చూపించి చెప్పుకోవచ్చని ఆశ.

సెట్టు మీద వజ్దీ డప్పు కొట్టాడు. తడిసిన గోనెసంచిని బాదినట్టుంది. అందరూ పగలబడి నవ్వారు. కాచందే డప్పు పలకదని నూబియాలో పసిపిల్లకైనా తెలుసు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ పని ఆమెదే, తను మరిచేపోయాడు.

అబ్దూన్‌కు సిగ్గేసింది. డప్పు లాక్కుని, హుక్కా కోసం రాజేసిన కుంపటి మీద తిప్పి తిప్పి కాచాడు. చర్మం బిగిసింది. వేలు తగలగానే ఖణేల్‌మంది. అక్కడే నిలబడి అమ్మ పాట ఎత్తుకున్నాడు.

"నైలు నీళ్లు తెచ్చాం, ముఖం కడుక్కో పెళ్లికొడకా..."

పాట అయ్యేసరికి హాతిమ్ దగ్గరికి వచ్చాడు.

"బాగుంది బాబాయ్," హాతిమ్ ఇబ్బందిగా నసిగాడు. "కానీ నవ్వు రాదు. ఇందాకటి చప్పుడే కావాలి. కాసిని నీళ్లు చల్లు."

"మా అమ్మ డప్పు మీదా?"

"ఇంకెక్కడ? తొందరగా కానీ."

అబ్దూన్ డప్పును చంకన పెట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఎక్కడికి బాబాయ్? ఇదిగో, ఈ చెవి మీద రంగు చెరిగింది!" అని అరిచాడు వజ్దీ.

"ఇంటికి. మనవరాలు ఒక మాట అడిగింది, చెప్పొస్తా."

చెప్పొస్తానన్నవాడు మళ్లీ రాలేదు. అద్దం ముందు సాసరులో నలుపు ఎండి నెర్రెలిచ్చింది. పక్కనే, ఇరవై ఆరేళ్లుగా రోజూ కడిగి ఆరేసే స్పాంజి, ఆ రోజు కడగకుండానే ఉండిపోయింది.