తెగని కుట్టు

బాన్సువాడలో పిట్లం రోడ్డు మీద నేను సీటు కవర్ల దుకాణం పెట్టి ఇరవై రెండేళ్లయింది. నా పేరు నగేశ్. ఆటో సీటు గానీ, ట్రాక్టర్ సీటు గానీ, కారు గానీ, ఏది వచ్చినా ఒకటే మాట చెప్పేవాణ్ణి. గుడ్డ చిరగొచ్చు, స్పాంజి కుంగొచ్చు, నా కుట్టు మాత్రం తెగదు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. పక్క దుకాణాల వాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ, తెగిన కుట్టు ఒక్కటి చూపించండి అని దబాయించేవాణ్ణి.

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం వెంకట్రాములు తన కారు తెచ్చి దుకాణం ముందు ఆపాడు. దగ్గరి ఊరి రైతు. వరి, చెరకు పండిస్తాడు. కారు సెకండ్ హ్యాండ్‌దే అయినా ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. తలుపు తీసి చూస్తే వెనక సీటు నిండా గోధుమరంగు వెంట్రుకలు, తలుపు లోపలి వైపు గోళ్ల గీతలు.

"గిదేంది పటేలా, కారు కొన్నవా, కుక్కకు ఇల్లు కొన్నవా?" అన్నాను.

"ఏం జెయ్యాలె నగేశన్నా! మా పల్లవి ఎక్కితె బబ్లూ ఎక్కుతది. బబ్లూను దించితె పల్లవి దిగుతది. మా అరుణ రోజు వెంట్రుకలు ఏరుకుంట నన్ను తిడ్తది."

పల్లవి ఆయన కూతురు, పదేళ్లది. బబ్లూ జాతి కుక్కేమీ కాదు. చెరకు తోట గట్టు మీద ఒంటరిగా దొరికిన కూనను మూడేళ్ల కింద ఆ పిల్లే చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది.

ఆయనకు రెండు పనులు కావాలి. వెనక సీటులో కుక్క కూర్చునే సగానికి రెక్సిన్ కవరు ఒకటి. కాళ్ల బురద, చొంగ లోపలికి ఇంకకూడదు, తలుపుకు గోళ్లు తగలకూడదు, తీసి కడుక్కుంటే సరిపోవాలి. రెండోది, కుక్క ముందుకు దూకకుండా బెల్టు. కిందటి వారం బస్టాండు దగ్గర బబ్లూ ఎగిరి స్టీరింగ్ మీదికొచ్చిందట. ఆటోను గుద్దేయడం వెంట్రుకవాసిలో తప్పిందట.

"రేపు పొద్దుగాలనే జుక్కల్ పోవాలె, మా బామ్మర్ది పెండ్లి. సాయంత్రానికి ఇయ్యాలె అన్నా."

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది హరనాథబాబు గారని హైదరాబాదు ఆయన దారిలో ఆగి, తన కుక్క పట్టీకి తెగిన కుట్టు వేయించుకున్నారు. అది మెడకు పెట్టేది కాదు. రొమ్ము చుట్టూ తిరిగి, ముందరి కాళ్ల వెనకనుంచి వచ్చి వీపు మీద కలుస్తుంది. బ్రేకు పడితే బరువంతా రొమ్ము మీద పడాలి, గొంతు మీద పడకూడదు అని ఆయన విడమరిచి చెప్పారు. ఆయన చెప్పకపోయినా, ఎద్దును చూసినవాడికి తెలియనిదేం కాదు. కాడి మూపు మీదే పెడతాం. గొంతుకు తాడు బిగించి బండి లాగించినవాడు మా వైపు ఎవడూ లేడు. కాబట్టి నాకు తెలుసు. మీరు ఇంకేది మరిచిపోయినా ఇది మాత్రం మరవకండి. నాకు తెలుసు.

రొమ్ము పట్టీకి కొలతలు కావాలి. ఇంకో మూడు గంటల పని. ఆ రోజు నా దగ్గర రెండు ఆటోల పని ఉంది.

"మెడకు పట్టా ఉన్నదా కుక్కకు?" అని అడిగాను.

"ఉన్నది. గట్టిదే."

"అయితె ఫికర్ లేదు. దానికే తగిలించుకో."

పాత కారులోంచి తీసిన సీటు బెల్టు ముక్క ఒకటి వెతికాను. ఒక చివర లాకులో దూరే ఇనుప బిళ్ల ఉంది. రెండో చివర కొక్కెం పెట్టి, నైలాన్ దారంతో మూడు వరసలు కుట్టాను. గంటలో అయిపోయింది.

సాయంత్రం వెంకట్రాములు పల్లవిని, బబ్లూను కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. కుక్క నా చేయి నాకి, నా ముందు బుద్ధిగా నిలబడింది. కొలత తీసుకోవడానికి అంతకంటే మంచి అదను ఉంటుందా? టేపు నా మెడలోనే వేలాడుతోంది. నేను మాత్రం బెల్టును దుకాణం దూలానికి తగిలించి, రెండు చేతులతో పట్టుకొని వేలాడి చూపించాను.

"సూడు పటేలా, నేను ఊగినా తెగలే."

తర్వాత పల్లవిని పిలిచి నేర్పించాను. "ఇగో బిడ్డా, కొక్కెం మెడ పట్టాకు. బిళ్ల గీ లాకుల. టక్కుమని ఇనబడాలె. ఇది నీ పని, మరువకు."

ఆ పిల్ల నాలుగుసార్లు పెట్టి తీసి, టక్కుమన్నప్పుడల్లా నా వైపు చూసి నవ్వింది.

పది రోజుల తర్వాత వెంకట్రాములు ఒక్కడే వచ్చాడు. కారు మీద ఒక్క గీత లేదు. మనిషి మాత్రం చిక్కిపోయాడు. దిగీ దిగకముందే చెప్పాడు. పెళ్లి నుంచి తిరిగొస్తుంటే పిట్లం దాటాక ముందు పోతున్న చెరకు ట్రాలీ సైగ కూడా చేయకుండా పొలం బాటలోకి తిరిగింది. ఆయన గట్టిగా బ్రేకు తొక్కాడు. కారు ట్రాలీకి తగల్లేదు. బెల్టులు పెట్టుకున్నారు కనుక మనుషులకేమీ కాలేదు. బబ్లూ మాత్రం ముందుకు విసిరినట్టుగా పోయి, మెడకు పట్టా బిగుసుకొని ఆగిపోయింది. బండి పక్కకు ఆపేసరికే ప్రాణం లేదు.

"నీ కుట్టు తెగలే అన్నా. అది తెగితె బబ్లూ ఎగిరొచ్చి మా అరుణ తలకాయకు తగులుతుండె. నీ పుణ్యాన మేమైతె బతికినం."

ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ మాట కోసమే ఇరవై రెండేళ్లు ఎదురుచూసినవాణ్ణి, అది విని ఆయన మొహం చూడలేక కారు లోపలికి చూశాను.

"పిల్ల ఎట్లున్నది?" అన్నాను.

"తింటలేదు. బడికి పోతలేదు. నేనే కట్టిన, నేనే సంపిన అంటది. కట్టమన్నది నేనే కద బిడ్డా అంటె ఇనదు. గీ కవరు ఉంటె కారు ఎక్కనంటది. జర తీసెయ్యి."

తీశాను. అరుణమ్మ కడిగి ఆరేసినట్టుంది, కవరు కొత్తదానిలా ఉంది. అప్పుడే చెప్పేయాల్సింది. ఆయనే మెచ్చుకుంటుంటే నా పేరు నేనెందుకు చెడగొట్టుకోవాలని నోరు మూసుకున్నాను. ఇంత పిరికివాణ్ణని నాకు అంతవరకు తెలియదు.

మూడు రోజులు అలాగే గడిపాను. నాలుగోనాడు ఒక ఆటో అతను వచ్చి, "కుట్టు గట్టిగుంటదా అన్నా?" అని అడిగాడు. ఎప్పుడూ చెప్పే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అతన్ని రేపు రమ్మని, షట్టరు దించి, బండి తీసుకొని వాళ్ల ఊరికి పోయాను.

పల్లవి అరుగు మీద కూర్చొని ఉంది. బెల్టు ఒళ్లో పెట్టుకుంది. ముందు పెట్టిన అన్నం అలాగే ఆరిపోతోంది. అరుణమ్మ నన్ను చూసి కుర్చీ తేబోయింది. వద్దని నేను పిల్ల ముందు కిందే కూర్చున్నాను. వెంకట్రాములు లోపలినుంచి గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నువ్వు కొక్కెం సక్కగనె పెట్టినవ్. తప్పు కట్టుట్ల లేదు, కుట్టుట్ల ఉన్నది. పట్టీ మెడకు గాదు, రొమ్ముకు ఉండాలె. అట్లుంటె బబ్లూ బతుకుతుండె. గది నాకు ఎరికె."

పిల్ల తలెత్తింది. "ఎరికెనా?"

"ఎరికె."

"మరి మెడకెందుకు కుట్టినవ్ కాకా?"

"బద్దకమైంది బిడ్డా. కొలత తీసుకోలె," అన్నాను.

పిల్ల నా మెడ వైపు చూసింది. "టేపు నీ మెడలనె ఉండె."

"ఉండె."

వెంకట్రాములు నన్ను తిడతాడేమో, లేచి పొమ్మంటాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన గడప మీదే కూర్చున్నాడు. అరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పల్లవి బెల్టు నా ముందుకు చాపింది. "ఇప్పు," అంది.

"ఏంది బిడ్డా?"

"నీ కుట్టు ఇప్పు."

జేబులో బ్లేడు ఎప్పుడూ ఉంటుంది. తీసి మొదలుపెట్టాను. మూడు వరసలు, దగ్గర దగ్గరి కుట్లు. బెల్టును కోసేస్తే ఒక్క నిమిషం పని. పిల్ల అడిగింది కుట్టు విప్పమని. ఒక్కో పోగు లేపి, తెంపి, లాగుతూ పోయాను. రెండో వరసలో బ్లేడు జారి వేలు తెగింది. పిల్ల చూసింది గానీ ఆపమనలేదు. నేనూ ఆపలేదు. నా చేతి పని ఎంత గట్టిదో ఆ పూట నాకు బాగా తెలిసొచ్చింది. ఎండ అరుగు మీదినుంచి వాకిట్లోకి జరిగేదాకా ఆ పిల్ల కదలకుండా నా చేతుల్నే చూస్తూ కూర్చుంది.

చివరి పోగు తెగింది. కొక్కెం ఊడి అరుగు మీద పడింది. పల్లవి దాన్ని ఒక చేత్తో, పట్టీని ఒక చేత్తో తీసుకొని, రెండూ వేరయ్యాయా లేదా అని పరీక్షగా చూసింది. తర్వాత గడప వైపు తిరిగింది. అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది ఆ పిల్లకు.

"బాపూ, నేను గాదు," అంది. "నేను సక్కగనె పెట్టిన బాపూ."