గూట్లోంచి అందిన మాట

మా బావకు రాగం ఒక్కసారి వింటే చాలు, జన్మలో మరిచిపోడు. మాటలు మాత్రం నిలవవు. ఒపెరా అంటే మొదటి నుంచి చివరి దాకా పాటల్లోనే నడిచే నాటకం. మూడు గంటలపాటు, మనకు రాని భాషలో, చేతిలో కాగితం లేకుండా పాడాలి. ఆయనది టెనర్ గొంతు, మగవాళ్ల గొంతుల్లో బాగా పైస్థాయిలో పలికేది. ఒక గురువు దగ్గర తొమ్మిదేళ్లు సాధన చేశాడు. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో అన్నీ నేర్పిన ఆ గురువు, మతిమరుపు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాడు. నేను బావ భార్యకు తమ్ముణ్ణి. రిహార్సళ్లలో పియానో వాయించేవాణ్ణి.

మా థియేటర్లో ఆయన్ని కాపాడుతూ వచ్చింది ఒకావిడ. స్టేజి ముందంచున చెక్కతో చేసిన చిన్న గూడు ఉండేది. ఆవిడ కింది నుంచి నిచ్చెనెక్కి అందులో కూర్చునేది. తల మాత్రమే పైకి, అదీ పాడేవాళ్లకే కనిపించేది. ప్రతి పంక్తిలో మొదటి మాటను అరక్షణం ముందు అందించేది. అందరం గుసగుసమ్మ అనేవాళ్లం. దగ్గు రాకుండా బుగ్గన లవంగం పెట్టుకునేది. "నువ్వు పాడు బాబూ, మాటల సంగతి నాకొదిలెయ్" అనేది బావతో.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు విదేశీ థియేటర్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, బావను వినడానికే. ఆ రోజే బావ మూడో అంకంలో ఒక చరణం మొత్తం దాటేశాడు. ఎదురుగా పాడుతున్నావిడ తికమకపడింది. వాద్యాలు తలో దారి పట్టాయి. అంతా కలిపి అర నిమిషం కూడా లేదు. ఆట అయ్యాక డైరెక్టర్ బావను, నన్ను, గుసగుసమ్మను తన గదికి పిలిచాడు. విదేశీ పెద్దమనిషి కుర్చీలో ఉన్నాడు.

"ఏం జరిగింది?" అన్నాడు డైరెక్టర్.

బావ విదేశీ పెద్దమనిషి వంక చూశాడు. "ఆవిడ తప్పు మాట అందించింది" అన్నాడు.

ఆ అంకమంతా నేను పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని స్టేజి పక్కనే కూర్చున్నాను. ఆవిడ అందించింది సరైన మాటే. రెండుసార్లు అందించింది. నా చెవులతో విన్నాను. అయినా కిమ్మనకుండా నిలబడ్డాను. గుసగుసమ్మ బావ వంక చూసింది, తర్వాత నా వంక.

"అంతేనండీ. ఈ మధ్య కళ్లు సరిగ్గా ఆనట్లేదు" అంది.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగం ఆ మాటతో పోయింది. బావకు విదేశంలో ఒప్పందం దొరికింది. అక్కతోపాటు నన్నూ తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది ఆవిడ పోయిందని ఉత్తరం వచ్చింది. బావ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని రిహార్సల్‌కు వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే, కొత్త థియేటర్లో, రెండో అంకం మధ్యలో బావ ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేకుండా పోయింది. మాట మరిచిపోయాడని నాకు తెలిసిపోయింది. మరుక్షణం సరైన మాటే పాడాడు. మేకప్ గదిలోకి రాగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవర్రా అందించింది?"

"ఎవరందిస్తారు బావా? ఇక్కడసలు గూడే లేదుగా."

"కిందనుంచి వినపడింది. ఆవిడే. లవంగం వాసన కూడా వచ్చింది."

ఆ తర్వాత ఏ దేశం వెళ్లినా అంతే. గూడు లేని స్టేజీల మీద, ఆరుబయట వేదికల మీద, రికార్డింగు గదుల్లో, ఎక్కడ తడబడితే అక్కడ మాట అందేది. బావ పాటల పుస్తకం తెరవడం మానేశాడు. పదమూడేళ్లలో తొమ్మిది దేశాలు తిరిగాం. పోస్టర్ల మీద ఆయన ముఖం నా ఎత్తున ఉండేది. ఒక్క మాట పొల్లుపోని గాయకుడని పత్రికలు రాశాయి. అవి చదివిన రోజు ఆయన అన్నం ముట్టేవాడు కాదు.

ఒకసారి రేడియోలో అడిగారు, "స్టేజి మీద ఎప్పుడైనా మాట మరిచిపోయారా?" అని. బావ నోరు తెరిచాడు. చటుక్కున బల్ల కిందికి చూశాడు. "లేదు" అన్నాడు. బయటికొచ్చాక చెప్పాడు:

"ఆవిడ 'ఒకసారి' అని అందించిందిరా."

అప్పటినుంచి పాట మధ్యలో కూడా, ఆయనకు మాట గుర్తున్న చోట కూడా, ఆ ఒక్క మాటే వినపడసాగింది. ఒకసారి. ఒకసారి. భోజనం దగ్గర, అద్దం ముందు, విమానంలో. మనిషి సగమయ్యాడు. "ఏమైందండీ మీకు, నాకైనా చెప్పరా?" అని అక్క నిలదీస్తే చివరికి అంతా చెప్పాడు. అక్క లేచి మా ముగ్గురికీ మా ఊరికి టిక్కెట్లు తీసింది.

గుసగుసమ్మ కూతురు మా పాత థియేటర్లోనే విగ్గులు అల్లుతోంది. బావ ఆమె ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపలేదు.

"మా అమ్మకి కళ్లు బానే ఉన్నాయండీ. చివరిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకుంది. మీరొస్తారని ఏడాదంతా చూసింది. వీధి తలుపు చప్పుడైతే చాలు, లేచి కూచునేది."

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదమ్మా."

"నాకు చెప్తే ఏమొస్తుంది? ఈ థియేటర్లోనే, అమ్మతో పనిచేసినవాళ్లందరి ముందూ చెప్పండి."

మర్నాడు పొద్దున రిహార్సల్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. తర్వాత నేను లేచి నా వంతు చెప్పాను. ముసలి వడ్రంగి ఒకాయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. కొత్త డైరెక్టర్ ఆ సంగతి రాసి, మా ఇద్దరి సంతకాలతో గోడకు పెట్టించాడు.

రెండు వారాల తర్వాత విదేశంలో బావ స్టేజి ఎక్కాడు. మొదటి అంకంలోనే మాట పోయింది. వంగి కిందికి చూస్తూ ఆగాడు. ఏమీ రాలేదు. వాద్యాలు నడుస్తున్నాయి, బావ నోరు తెరిచి నిలబడ్డాడు, హాలంతా చూస్తోంది. చివరికి వాద్యాలు నడిపించే ఆయన పెదవులు కదిపి అందించాడు. ఎలాగో ఆట ముగించాడు. ఆ ఏడాది చివరికి ఒప్పందాలన్నీ జారిపోయాయి.

ఇప్పుడు చిన్న చిన్న హాళ్లలో, చేతిలో పుస్తకం పట్టుకుని పాడుతున్నాడు. యాభై మూడేళ్ల వయసులో రోజుకు ఐదేసి పంక్తులు బట్టీ పడుతున్నాడు. అక్క ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తూ వింటుంది. ఒక్కోసారి వచ్చిన పంక్తి మధ్యలోనే ఆగిపోయి, తల కొంచెం వంచి అలా ఉండిపోతాడు. నేను పియానో మీంచి చేతులు తీసేస్తాను. అక్క తలెత్తదు. కాసేపు చూసి, తనే అందుకుంటాడు.