మూడోసారి

వెనక అగ్గిపెట్టె ఈసారి గీతల మధ్యకు తిన్నగా వెళ్ళింది. ఆయన రెండు పెట్టెలనూ తీసి మళ్ళీ మొదటి చోటున పెట్టాడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. వంటింటి గచ్చు మీద సుద్దతో గీసిన ఆ గీతలు చెరిగిపోకుండా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ నెల రోజులుగా పక్కనుంచి నడుస్తున్నారు.

పెట్టెలను అట్టముక్కతో, గుండుసూదితో కలిపింది మరదలు. ముందుది ఇంజను బండి, వెనకది దాని మెడకు తగిలించిన ట్రైలరు. వెనక్కి తోలేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుంది. ఇరవై ఆరేళ్ళు ఒంటి లారీ తోలిన చేతులకు ఆ సంగతి ఒంటబట్టడానికి నెల పట్టింది. మరదలికి మొదటి సాయంత్రమే పట్టుబడింది. పెళ్ళయిన నాటి నుంచి ఈయన తన మాట వినలేదని, ఇప్పుడు ఆ వెనక పెట్టె ఈయన మాట వినడం లేదని, లెక్క సరిపోయిందని భార్య నవ్వింది. మరదలూ నవ్వింది. ఆమె నవ్వు వినిపించడం ఆ ఇంట్లో అరుదు.

ఆయన పనిచేసే కంపెనీవాళ్ళు పాత లారీలన్నీ అమ్మేస్తున్నారు. వచ్చే నెల నుంచి సరుకంతా ట్రైలర్ల మీదే. పరీక్ష పాసైనవాళ్ళు ఉంటారు. కానివాళ్ళు తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోవాలి. ఒక్కొక్కరికి మూడు అవకాశాలిచ్చారు. ఆయనకు రెండు అయిపోయాయి. యాభై మూడేళ్ళ డ్రైవరును కొత్తగా పనిలోకి ఎవరు తీసుకుంటారు? ఇల్లు గడిచేది ఆ చేతుల మీదే.

రెండుసార్లూ తప్పింది ఒకే చోట. బండిని వెనక్కి పెట్టేటప్పుడు దిగి చూసుకోవడానికి రెండుసార్లు మాత్రమే ఒప్పుకుంటారు. మూడోసారి దిగితే తప్పినట్టే. ఆయన రెండు పరీక్షల్లోనూ మూడోసారి దిగాడు. షెడ్డులో కుర్ర డ్రైవర్లు ఆయనను ‘దిగుడు మామ’ అంటారు. గజం వెనక్కి పోవాలన్నా దిగి, బండి చుట్టూ తిరిగి, వంగి టైర్ల కింద చూసి గాని కదలడు. మామ దిగేలోపు మనం భోంచేసి రావచ్చురా అని నవ్వుకుంటారు. ఎందుకు దిగుతాడో తెలిసిన పాతవాళ్ళు షెడ్డులో ఇద్దరే మిగిలారు. వాళ్ళు నవ్వరు.

గుమ్మం దగ్గర భార్య ఆయన చొక్కా కాలరు సరిచేసింది. మరదలు భోజనం డబ్బా అందించి, అగ్గిపెట్టెలను గచ్చు మీంచి తీసి ఆయన జేబులో పెట్టింది. ఆమె ఆయన తమ్ముడి భార్య. పందొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటోంది. తమ్ముడు పోయిన రోజు సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు. ఇవాళ తల వంచుకుని, డబ్బా మూత మీద వేలు రాస్తూ అంది.

“మూడోసారి దిగకండి బావగారూ. వెనకెవరూ ఉండరు.”

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. అలాగేనమ్మా అనాలనుకున్నాడు. తల మాత్రం ఊపాడు.

పరీక్ష మైదానంలో తెల్ల గీతలు, వాటి చివర్లో ఎర్ర ప్లాస్టిక్ కోన్లు. నేర్పే మాస్టారు ఆయన కొడుకయ్యే వయసువాడు. ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“మొన్న నేను వెనక నిలబడితే ఒక్కసారి కూడా దిగకుండా పెట్టారు పెద్దాయనా. ఇవాళ కూడా నేను అక్కడ ఉన్నాననుకోండి. అంతే.”

“అనుకోవడంతోనే వచ్చింది బాబూ నాకు చిక్కంతా.”

మాస్టారికి అర్థం కాలేదు. ఇంజను ఆపకుండా దిగమని, అదే బండి మీద తర్వాతివాళ్ళకూ పరీక్ష ఉందని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

ఆయన ఎక్కి కూర్చున్నాడు. అగ్గిపెట్టెలను డాష్‌బోర్డు మీద పెట్టాడు. ముందుకు తోలడం బాగా సాగింది. మలుపు దగ్గర ట్రైలరు వెనక చక్రాలు కోను మీదికి ఎక్కకుండా కావలసినంత వెడల్పు తీసుకున్నాడు. చేతిలో కాగితాలతో ఎండలో నిలబడ్డ ఇన్‌స్పెక్టరు తల పంకించాడు.

వెనక్కి పెట్టడం మొదలైంది. ఒకసారి దిగి చూశాడు. చోటు ఉంది. సగం దాకా వెళ్ళాక మళ్ళీ దిగాడు. అప్పుడూ ఉంది. చేతులు నేర్చినట్టే తిరుగుతున్నాయి, వంటింట్లో తిరిగినట్టే. ఇక మిగిలింది నాలుగు గజాలు.

ట్రైలరు కుడికి మళ్ళింది. కుడి అద్దంలో దాని రేకు గోడ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది.

పందొమ్మిదేళ్ళ కిందటి ఆ రోజు కూడా పట్టపగలే. సరుకు దించే చోట తమ్ముడు వెనక నిలబడి “రానీ, రానీ” అంటున్నాడు. ఆపాలంటే లారీ బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. అన్నదమ్ముల మధ్య గుర్తు అదే. కాసేపటికి “రానీ” ఆగింది. దెబ్బలు వినపడలేదు. దెబ్బలు పడలేదు గనక చోటుందనుకున్నాడు. ఇంకో గజం పోనిచ్చాడు. తమ్ముడి కాలు జారిందని, పడ్డప్పుడే తలకు దెబ్బ తగిలి ఉంటుందని, అరిచే వ్యవధి కూడా ఉండి ఉండదని తర్వాత అందరూ చెప్పారు.

ఆయన అద్దంలోకి చూశాడు. రేకు గోడ. గొంతు లేదు, దెబ్బ లేదు. మరదలు చెప్పిన మాట గుర్తుంది. భార్య ముఖం గుర్తుంది. వెనకెవరూ లేరని కూడా తెలుసు. కాలు బ్రేకు మీంచి తీద్దామనుకున్నాడు. కాలు రాలేదు.

చెయ్యి హ్యాండ్‌బ్రేకు వేసి తలుపు తీసింది.

నెమ్మదిగా దిగి బండి చుట్టూ నడిచాడు. వంగి టైర్ల కింద చూశాడు. నేల మీద ఏమీ లేదు. అడుగు దూరంలో కోను నిలబడి ఉంది. దాని మీద చెయ్యి వేశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోపంగా లేడు.

“ఎందుకు దిగావయ్యా? అలాగే పోనిచ్చుంటే అయిపోయేదిగా.”

“వెనక చప్పుడు లేదండీ.”

“చప్పుడెందుకుంటుంది? ఇక్కడ ఎవరున్నారని?”

ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో కొట్టేసి సంతకం చేశాడు. మాస్టారు దూరం నుంచే తల దించుకున్నాడు. ఆయన జేబులోంచి పాత లారీ తాళంచెవి తీసి, షెడ్డులో ఇచ్చేయమని మాస్టారు చేతిలో పెట్టాడు. భోజనం డబ్బా చంకలో పెట్టుకుని, ఎండలో గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర ఆగుతాడేమోనని మాస్టారు చూశాడు. ఆగలేదు.

తర్వాతి మనిషిని పిలిచారు. అతను ఇంకా రాలేదు. ఖాళీ క్యాబిన్ కింద ఇంజను ఆగకుండా తిరుగుతోంది. డాష్‌బోర్డు మీద, గుండుసూదితో కలిపిన రెండు అగ్గిపెట్టెలు ఆ అదురుకు కొంచెం కొంచెంగా, తిన్నగా, వెనక్కి జరుగుతున్నాయి.