ఆమేనమ్మ వంతు

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆవిడ దేవుడితో పైకి అన్నది ఒకే ఒక్క మాట: ఆమేన్. మిగతాదంతా భర్తే చూసుకునేవాడు. బస్సు డ్రైవరే కానీ, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడంటే బ్రేకు వెయ్యడం తెలిసేది కాదు మహానుభావుడికి. వడ్డించిన అన్నం కాస్తా చల్లారిపోయేది. జ్వరమొచ్చినవాళ్లూ పరీక్షలు రాసేవాళ్లూ ప్రార్థన చెయ్యమని ఆ గుమ్మం తొక్కేవాళ్లు. ఆయన అంతా చెప్పి ఆగేవాడు, ఆవిడ ఆమేన్ అనేది. చర్చిలో వాళ్లు ఆమేనమ్మ అని ఆటపట్టిస్తే తనూ నవ్వేసేది.

ఆయన పోయి ఐదు నెలలైంది. ఇప్పటికీ కంచం ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, కాసేపాగి ఆమేన్ అంటుంది. ఎవరేం చెప్పారని ఆమేన్? ఆ భక్తంతా ఆయనదేనేమో, తను ఉత్త తోకలా వెంట నడిచిందేమో అన్న దిగులు ఆవిడను లోపల్లోపల తొలిచేస్తోంది. పాస్టరు గారితో చెప్పుకుందామంటే సిగ్గు. ఇంత వయసొచ్చీ ప్రార్థన రాదని ఏ మొహంతో చెబుతుంది?

ముందుగదిలోనే ఆవిడ కుట్టుమిషను. కొత్తబట్టలు కుట్టదు. చిరిగినవీ బిగుతైనవీ సరిచేస్తుంది. ఆ మధ్యాహ్నం పై అంతస్తు టీచరమ్మ పరుగున దిగివచ్చింది. చేతిలో ఏడేళ్ల కూతురి పసుపు గౌను.

“పిన్నిగారూ, జిప్పు ఊడిపోయింది. మూడింటికి పాపకి ఆపరేషను. లేవగానే ఈ గౌనే కావాలని ఒకటే గొడవ. వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నారు, నేను వెంటనే వెళ్లిపోవాలి.”

“అయ్యో తల్లీ! కూర్చో, చిటికెలో పని.”

ఆవిడ బ్లేడుతో పాత జిప్పు కుట్లు విప్పసాగింది. టీచరమ్మ స్టూలు మీద కూర్చుందే గానీ కాలు నిలవడం లేదు.

“నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు, మీకు తెలుసుగా. కానీ పోయినేడు పాపకి జ్వరమొస్తే బాబాయిగారు వచ్చి ప్రార్థన చేశారు. ఇప్పుడు మీరు చెయ్యండి పిన్నిగారూ. నాకు భయంగా ఉంది.”

ఆవిడకు పైప్రాణాలు పైనే పోయాయి. “ఉండు, పాస్టరు గారికి ఫోను చేద్దాం” అంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఊహూఁ.

“మీరు చేస్తే చాలు” అంది టీచరమ్మ.

ఆవిడ కళ్లు మూసుకుంది. ఆయన మాటలే అరువు తెచ్చుకుందామనుకుంది. “మహోన్నతుడవైన దేవా, నీ సన్నిధిని...” అక్కడితో సరి. అన్నేళ్లు విన్నదాంట్లో ఒక్క వాక్యం గుర్తుకు రాదే! వింటేగా గుర్తుండడానికి? సగం రోజులు ధ్యాసంతా పొయ్యి మీది పాల మీదే. సిగ్గుతో చచ్చిపోయింది. ఒక కన్ను తెరిచి చూస్తే, టీచరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని గౌను అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది. ఇక తప్పదు.

“ప్రభువా, నేనే. ఆయన పక్కన కూర్చునేదాన్ని. నాకు ఆయనలా చెప్పడం రాదు. పాపని కోసి కుడతారట. ఆ డాక్టరు చెయ్యి వణకనివ్వకు. కుట్లు సమంగా పడాలి, మరీ బిగిస్తే లాగుతుంది, వదులైతే విచ్చుకుంటుంది. నీకు నేను చెప్పాలా? పాప ఈ గౌను వేసుకోవాలి. ఈ తల్లికి ధైర్యమివ్వు.” ఆవిడ మిషను అంచు పట్టుకుంది. “ఇంకోటి. ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను. ఎవరితోనూ అనలేదు. నీతో అంటున్నా.”

మాటలైపోయాయి. ఆవిడ ఆగింది. టీచరమ్మకు ఏమనాలో తెలియలేదు. అవతలివాళ్ల నోటి మాట కోసం ఎదురుచూస్తూ ఆవిడకు తెలిసొచ్చింది. ఆయనా రోజూ ఇలాగే ఆగి తన మాట కోసం చూసేవాడు. అది పడితేగానీ ఒక్కనాడూ కళ్లు తెరవలేదు. ఆ ప్రార్థనలో తనకూ వంతుంది. ఇక ఏడుపు ఆగలేదు.

“నేనేమన్నా అనాలా పిన్నిగారూ?”

“ఆమేన్ అనమ్మా. నువ్వూ అడుగుతున్నట్టు.”

“ఆమేన్” అంది టీచరమ్మ.

ఆవిడ కళ్లు తుడుచుకుని కొత్త జిప్పు వేసి, రెండుసార్లు పైకీ కిందికీ లాగి చూసి గౌను చేతికిచ్చింది.

సాయంత్రం ఆరింటికి ఫోను వచ్చింది. పాప కళ్లు తెరిచి, గౌనేదని అడిగిందట.

ఈ సంతోషం ఎవరితో చెప్పాలి? ఆవిడ అలవాటుగా వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. అన్నం వడ్డించుకుని కళ్లు మూసుకుంది.

“ప్రభువా, పాప లేచింది. ఆయనుంటే ఇదంతా ఆయనే నీకు చెప్పేవాడు. ఇప్పుడు నువ్వే ఆయనకి చెప్పు.”

కాసేపాగింది. తర్వాత తన వంతు మాట తనే అని, కళ్లు తెరిచింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది.