కట్టె మాది

నంద్యాల మైదానంలో రాజశేఖర్ మైకు పట్టుకుని, "ఆళ్లగడ్డలో మా చిన్నప్పుడు కులం లేదు, మతం లేదు, అందరం కలిసి చిల్లాకట్టె ఆడినాం" అంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కలిసే ఆడాం, అబద్ధం కాదు. గుంత మీద బెత్తెడు చిల్లా పుల్ల పెట్టి, పొడుగాటి కట్టెతో లేపి కొట్టేది రాజశేఖర్ వాళ్లు. ముళ్లలో పడి వెతికి తెచ్చేది మేము, చర్చి వీధి పిల్లలం. వాళ్లు కొట్టిన చిల్లాను గాల్లో పట్టుకుంటే వంతు మారాలి. పట్టుకునేవాళ్లం. పట్టుకోగానే రాజశేఖర్ కట్టె చంకన పెట్టుకుని, "కట్టె మాది. ఆట అయిపోయింది" అని ఇంటికి పోయేవాడు. ఒక్కనాడు కూడా నా చేతికి కట్టె రాలేదు. ముసలితనంలో ఇదేం కోపమని మా ఆవిడ రూతు నవ్వుతుంది. నవ్వనీ.

నంద్యాలలో ఈ పాత ఆటల పండగకు ముఖ్య అతిథి వాడే. "రాప్పా సుందర్రాజూ, మనిద్దరం ఆడి పిల్లోళ్లకు చూపిద్దాం" అని ఫోన్ చేస్తే వచ్చాను. నేను కొట్టాలి, వాడు ఎండలో పరిగెత్తి తేవాలి. అందుకే వచ్చాను, దండల కోసం కాదు.

మొదట వాడే కొట్టాడు. అది అడగాల్సిన పనే లేదు. చిల్లా గిరగిరా నా మీదికే వచ్చింది. పట్టుకున్నాను. అరచెయ్యి భగ్గుమంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడు రిబ్బను కట్టిన కట్టెను నవ్వుతూ నా చేతికిచ్చాడు.

గుంత దగ్గర నిలబడి, "ఆడికి పో, రాజశేఖరా" అన్నాను. 'అన్నా' అనకుండా వాణ్ణి పిలవడం అదే మొదలు.

"నాకు మోకాళ్లు నొప్పిప్పా. నా బదులు ఎజ్రా తెస్తాడులే" అన్నాడు.

ఎజ్రా వాడి కారు డ్రైవరు. మా చర్చి వీధి వాడే. అప్పటికే చెప్పులు విడిచి ఎండలోకి నడుస్తున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టె చంకన పెట్టుకున్నాను.

"ఎజ్రా, చెప్పులేసుకో నాయనా. ఆట అయిపోయింది."

"ఏందప్పా ఇది? కట్టె తీసుకొని యాడికి పోతాండావ్?" అన్నాడు రాజశేఖర్, మైకు చేతిలో ఉందని మరిచిపోయి. మైదానమంతా విన్నది.

"కట్టె మాది" అన్నాను.

ఆళ్లగడ్డ బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. శిరివెళ్ల దాటినా కోపం తగ్గలేదు. తగ్గకూడదనే నాకూ ఉంది.