జమ్మి ముందు పెట్టేదెవరు

దసరాకు కర్మాగారం రెండు రోజులు సెలవిచ్చింది. వాటి పక్కన ఒక ఆదివారం వచ్చి చేరింది. చేతికందిన ఆ సెలవును ఏం చేసుకోవాలో కామరాజుకు తోచలేదు.

తోచకపోవడానికి కారణం ఉంది. ఉద్యోగం కోసం పటాన్‌చెరుకు వచ్చినప్పటి నుంచి దసరా అంటే అతనికి బెజవాడ. కొండమీద వరుసలో నిలబడి అమ్మవారిని చూడటం, అక్కడి నుంచి భీమవరం బస్సెక్కి సొంతూరు చేరటం, మళ్ళీ రైలు పట్టుకుని వెనక్కి రావటం. ఎక్కడికి వెళ్ళాలి, వెళ్ళి ఏం చెయ్యాలి అన్న ప్రశ్నే ఏనాడూ పుట్టలేదు. ఈసారి నాగరత్నానికి ఏడో నెల. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. రైలు మాట తలపెట్టవద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది.

అతను కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్. యంత్రభాగాల నక్షాలు గీస్తాడు. గీతకు మొదలూ తుదీ తెలిస్తేనే అతని పెన్సిలు కదులుతుంది. సాయంకాలాలు తత్త్వశాస్త్ర గ్రంథాలు చదవడం అలవాటు. తీరికలోనే మనిషి తనను తాను ఎరుగుతాడని ఏదో పుస్తకంలో చదివి, ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాడు. తీరా తీరిక దొరికాక, ఎరగవలసిన మనిషి కనిపించలేదు. కుర్చీలో కూర్చున్న ఒక చొక్కా, దానిలో కొంత చిరాకు మాత్రం ఉన్నాయి.

ఆఫీసులో పక్క బల్ల బాపిరాజును సలహా అడిగాడు. ఇద్దరిదీ ఒకే తాలూకా.

"గోలకొండ వెళ్ళరా. అక్కడ చప్పట్లు కొడితే పైదాకా వినిపిస్తాయంట."

"వినిపిస్తే?"

"వినిపిస్తే ఏవిటి, వింటావ్. పోనీ సాగర్ డ్యాం చూసిరా."

"నీళ్ళు చూడ్డానికి అంతదూరమెందుకు? మంజీర దగ్గర్లోనే ఉంది కదా."

"అయితే మంజీరే వెళ్ళు. సెలవిస్తే దాన్ని కూడా బల్లమీద పెట్టి కొలుస్తావేవిట్రా బాబూ! ఇంట్లో పడుకో, సరిపోతుంది." బాపిరాజు సంచీ భుజాన వేసుకున్నాడు. అతనికి రైలు టైమవుతోంది. వెళ్ళబోతూ అడిగాడు. "అన్నట్టు, క్వార్టరు సంగతేం చేశావ్? సెలవులవగానే జవాబివ్వాలిగా?"

ఇవ్వాలి. కామరాజును కుర్చీలో నిలవనీయని అసలు విషయం అదే. కర్మాగారం టౌన్‌షిప్‌లో క్వార్టరు కేటాయించింది. తీసుకోకపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. తీసుకుంటే పటాన్‌చెరులోని ఈ ఇల్లు వదలాలి. వద్దంటోంది నాగరత్నం. ప్రసవానికి పుట్టింటికి వెళ్ళే దారి ఎలాగూ లేదు. పురిటికి సాయం చేయడానికి పక్కవాటాలో ఇంటివారి తల్లి ఉంది, కోడలు శకుంతల ఉంది. టౌన్‌షిప్‌లో ఎవరున్నారు?

ఇక్కడ మాత్రం ఎవరున్నారని కామరాజు వాదన. ఇంటి యజమాని రాజేశ్వర్ పప్పుధాన్యాల వ్యాపారి. ఒకే అరుగు, పక్కపక్కన రెండు తలుపులు. ఆ రెండు తలుపుల మగవాళ్ళ మధ్య మాటలు పోయి రెండేళ్ళు దాటింది.

అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవల రోజులవి. ఒకనాడు ఉదయం తలుపు తీసేసరికి గోడమీద కామరాజు పేరుబోర్డు లేదు. 'దాట్ల కామరాజు' అని తన చేత్తో అచ్చు దించినట్టు రాసుకున్న బోర్డు. దాన్ని తీసింది రాజేశ్వరేనని, రాత్రి దీపం పట్టుకుని నిలబడ్డ అతని భార్య శకుంతల చెప్పగా నాగరత్నం చెప్పింది. ఎందుకు తీశాడో శకుంతలకూ చెప్పలేదట. ఇంటిపేరు చూస్తే ఏ ప్రాంతం వాడో తెలిసిపోతుంది. నా గోడమీద నీ పేరు ఉండవద్దన్నాడన్నమాట, అనుకున్నాడు కామరాజు. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. ఆ రోజునుంచి ఎదురుపడితే తల వంచుకుని పోయేవాడు. కొన్నాళ్ళకు రాజేశ్వర్ కూడా తల వంచుకోవటం నేర్చుకున్నాడు. బోర్డు పోయినా, అది వేలాడిన మేకు మాత్రం గోడలో అలాగే ఉండిపోయింది.

దసరానాడు మధ్యాహ్నం భోజనమయ్యాక అతను అరుగుమీద కూర్చున్నాడు. ఎండ చల్లబడుతుండగా వీధిలో సందడి మొదలైంది. కొత్తబట్టలు కట్టుకున్న మగవాళ్ళు గుంపులుగా ఒకే దిక్కుకు నడుస్తున్నారు. ఏదైనా జరిగిందేమోనని లేచాడు. రాజేశ్వర్ దుకాణంలో తూకం వేసే మల్లయ్య తలకు కొత్త రుమాలు చుట్టుకుని పోతున్నాడు.

"అందరూ ఎక్కడికి వెళ్తున్నారయ్యా?"

"ఊరి బయటికి సార్. పాలపిట్టను సూడనీకె."

"దేనికి?"

మల్లయ్య ఆగి అతని ముఖంలోకి చూశాడు. "దసరాకు పాలపిట్టను సూడకుంటె ఎట్ల సార్? సూసి, జమ్మి తెంపుకొని వస్తం. మీ దిక్కు సూడరా ఏంది?"

"జమ్మికి పూజ చేస్తాం. పిట్టను చూడటం తెలియదు."

"అట్లయితె రాండ్రి. పండుగ పూట ఇంట్ల ఊకె కూసుంటరా?"

చెప్పులు వేసుకుని వెంట నడిచాడు. ఎందుకు వెళ్తున్నాడో తెలియదు. ఇంత మంది ఒకే దిక్కుకు నడుస్తుంటే ఆ దిక్కులో ఏదో ఉండి తీరాలని మాత్రం అనిపించింది.

బొంబాయి రోడ్డు దాటి జొన్నచేల గట్లమీదికి వచ్చాక అందరూ తలలెత్తి నడవసాగారు. తనెటు చూడాలో కామరాజుకు తెలియలేదు. టెలిగ్రాఫ్ తీగమీద మట్టిరంగు పిట్ట ఒకటి ముడుచుకుని కూర్చుంది. ఇది కాదులే అనుకుని కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడవబోయాడు. "అగో! అగో!" అని వందమంది ఒక్కసారిగా అరిచారు. కళ్ళజోడు పెట్టుకునేలోగా నీలంగా ఏదో రోడ్డు అవతలికి జారిపోయింది.

"సూస్తిరా సార్?"

"చూశాననే అనుకుంటున్నాను."

"అనుకునుడేంది సార్! సూస్తె సూసినట్టు, లేకుంటె లేదు."

"తీగమీద కూర్చుందే, అదేనా?"

"అదే. కూసుంటె అట్లనే ఉంటది. ఎగిరితెనే నీలం."

కామరాజు ఆ మాటను కాసేపు మనసులో తిప్పాడు. దానికింద గీత గీయడానికి ఇక్కడ పుస్తకం లేదు.

జమ్మిచెట్టు దగ్గర తోపులాట. పూజ కాగానే చేతులన్నీ కొమ్మలమీదికి లేచాయి. మల్లయ్య ఒక రెమ్మ తెంపి అతని చేతిలో పెట్టాడు. దేవుడి గదిలో పెడదామని కామరాజు దాన్ని జేబులో వేసుకోబోయాడు.

"అరెరె! దాసుకుంటరా? అది బంగారం సార్. పెద్దోళ్ళ చేతుల పెట్టి కాళ్ళు మొక్కాలె. సమాన వయసోళ్ళయితె అలాయ్ బలాయ్ తీసుకోవాలె, గిట్ల." అని పక్కనున్నవాణ్ణి గట్టిగా కౌగిలించుకుని చూపించాడు. "యాడాదంత మాటలు లేనోళ్ళు గూడ ఇయ్యాల జమ్మి పెట్టుకుంటరు. చిన్నోడే ముందుగాల పెట్టాలె. అది మరువద్దు."

తిరుగుదారిలో కామరాజు అరచేతిలో ఆకులు చెమటకు మెత్తబడుతున్నాయి. తన పెద్దవాళ్ళు గోదావరి జిల్లాలో ఉన్నారు. ఈ ఊళ్ళో పెద్ద ఎవరు? రాజేశ్వర్ తల్లి ఒక్కతే. ఆమెకు పెట్టాలంటే ఆ రెండో తలుపు తట్టాలి. తడితే తీసేది ఆమేనని ఏముంది? ఒకవేళ అతనే తీస్తే? ఎల్లుండి క్వార్టరుకు సరేనని చెప్పేస్తే ఈ ప్రశ్నే ఉండదు. మరి నాగరత్నం? ఇలా ఒక ఆలోచన ఇంకోదాన్ని తోసుకుంటూ అతన్ని వీధి మలుపుదాకా తీసుకొచ్చింది.

తట్టవలసిన పని లేకపోయింది. ముసలామె అరుగుమీదే పీటవేసుకుని కూర్చుంది. కామరాజు దగ్గరికి పోయి ఆమె చేతిలో కొన్ని ఆకులు పెట్టి, వంగి కాళ్ళకు దండం పెట్టాడు.

"సల్లగుండు బిడ్డా. గీ తాప మీ ఊరికి పోలేదు గద. మంచిగయింది." ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఓ రాజేశ్వరా! ఇటు రా, జల్దీ!"

రాజేశ్వర్ బయటికి వచ్చాడు. అతని చేతిలోనూ జమ్మి రెమ్మ ఉంది. కామరాజును చూసి ఆగిపోయాడు. ఇద్దరూ రెమ్మలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. చేయి ఎవరిదీ కదలలేదు.

అతను పెట్టడం లేదంటే ఇష్టం లేదనే కదా, అనుకున్నాడు కామరాజు. వెంటనే మల్లయ్య మాట గుర్తుకొచ్చింది. చిన్నవాడే ముందు పెట్టాలి. ఒకే అరుగు పంచుకున్న ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరు చిన్నో తెలుసుకోలేదు.

"సేటు గారూ," అన్నాడు. రెండేళ్ళ తర్వాత బయటికొచ్చిన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?"

రాజేశ్వర్ కనుబొమలు ముడిచాడు. "ఎందుకు సార్?"

"ముందు ఎవరు పెట్టాలో తెలియక."

అతని మీసం చివర ఏదో కదిలింది. "పదమూడు వందల నలుబై ఆరు."

కామరాజు మనసులో లెక్క వేశాడు. ఎదుట నిలబడ్డ మనిషికి ఆరువందల ఏళ్ళు దాటాయి.

"ఫస్లీ సార్, ఫస్లీ. నిజాం జమాన లెక్క. మీ ఇంగ్లీషుల ఎంతయితదో నాకెరుక లేదు."

"దానికి ఐదువందల తొంభై కలపాలని మా ఆఫీసులో ఎవరో అన్నారు. అంటే ముప్పైఆరు. కాదు, దసరాకు ముందు నెలలయితే తొంభైఒకటి కలపాలట. అప్పుడు ముప్పైఏడు."

"మరి మీది?"

"సర్టిఫికెట్లో ముప్పైఏడు. కానీ అది మా హెడ్‌మాస్టరు వేసిన లెక్క. అంతకు ముందేడాదే పుట్టానంటుంది మా అమ్మ."

"అంటె మీ పుట్టుక మీకే పక్కా లేదు."

"లేదు."

"మంచిగున్నది!" రాజేశ్వర్ తల్లివైపు తిరిగాడు. "అవ్వా, నేను దసరా ముందుగాల పుట్టిన్నా, ఎన్కనా?"

"వానలు దంచికొడుతుండె. మంత్రసాని పొద్దాటినంక వచ్చె. దసరా ముందో ఎన్కనో ఎవలకు యాదున్నది? నొప్పులు పడుతుంటె పండుగలు లెక్కపెడతరా?"

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. నాగరత్నం నవ్వులాగే ఉంది.

గీతకు ఏ చివరా దొరకలేదు. ఇంకో అంకె వస్తుందేమో, ఇంకో సాక్షి దొరుకుతుందేమోనని కామరాజు మనసు వెతుకుతూనే ఉంది. చేయి మాత్రం ఎదురుచూడలేదు. అది ముందుకు పోయి రాజేశ్వర్ అరచేతిలో ఆకులు పెట్టేసింది.

"నేనే చిన్న అనుకోండి," అన్నాడు.

రాజేశ్వర్ ఆకులు కళ్ళకద్దుకుని చేతులు చాచాడు. ముందు ఏ భుజానికి ఒరగాలో కామరాజుకు తెలియదు. ఇద్దరూ ఒకే పక్కకు వంగారు. నుదురూ నుదురూ ఠక్కున తగిలాయి. "ఇటు సార్, ఇటు," అంటూ రాజేశ్వర్ అతన్ని రెండో పక్కకు లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. పప్పుల ధూళి వాసన, కొత్తబట్ట గంజి వాసన.

విడిపోయాక నుదురు తడుముకుంటూ కామరాజు అడిగాడు. "ఆ బోర్డు ఎందుకు తీశారు?"

"రాళ్ళేస్తరేమోనని తీసిన. ఎవడో తాగుబోతు అంగడికాడ మీ పేరు ఎత్తిండు. రాతిరికి రాతిరి తీసి పప్పుల అర్రల పెట్టిన. పొద్దుగాల మీరు అడుగుతరనుకున్న. మీరు అడుగనే లేదు."

"మీరు చెప్తారనుకున్నాను."

"అడిగితె గద చెప్పేది! తల్కాయ దించుకొని పోవడ్తిరి. నేనేమన్న పాపం జేసిన్నా అని నేను పరేషాన్."

"ఇద్దరికిద్దరు మూగోళ్ళు," అంది ముసలామె.

కామరాజుకు సిగ్గు వేసింది. సంతోషం కూడా వేసిందేమో, రెండూ విడదీయరాకుండా ఉన్నాయి. రెండేళ్ళుగా తను మోసుకు తిరిగిన అవమానం ఎవరూ ఇచ్చింది కాదు. అయితే మోసిన బరువు అబద్ధమెలా అవుతుంది? భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

"క్వార్టరు వచ్చిందట గద," అన్నాడు రాజేశ్వర్ గోడవైపు చూస్తూ. "ఆడోళ్ళు చెప్పిండ్రు. పోతరా?"

"తెలియదండీ."

"నేను పెద్దోణ్ణని మీరే అంటిరి గద?"

"అన్నాను."

"అయితె పెద్దోడు చెప్తున్న. పోవద్దు. పిల్లనో పిల్లగాణ్ణో ఈడ కననీయుండ్రి. ఆ పైన మీ ఇష్టం." జవాబుకోసం ఆగకుండా పప్పుల గదిలోకి పోయి బోర్డు పట్టుకొచ్చాడు. గోనెగుడ్డలో చుట్టి ఉంది. అక్షరాలు చెక్కుచెదరలేదు.

మాట గెలిపించుకోవడానికి రాజేశ్వర్ ఆ పెద్దరికాన్ని ఇంత త్వరగా వాడుకుంటాడని కామరాజు ఊహించలేదు. చిన్నవాణ్ణని తన నోటితో తనే అన్నాడు. తేలని లెక్కమీద ఆడిన మాటకు ఎంతవరకు కట్టుబడాలో ఏ గ్రంథంలోనూ చదివిన గుర్తు లేదు. ఎల్లుండి ఆఫీసులో వద్దని చెప్పబోతున్నాడని మాత్రం అతనికి అప్పుడే తెలిసిపోయింది. ఎందుకని బాపిరాజు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

"సుత్తి ఉందా?" అన్నాడు.

"సుత్తె ఎందుకు? మొల గట్లనే ఉన్నది. నేను పీకలే."

కామరాజు గోడలోని మేకును తాకాడు. తుప్పు పట్టి కొంచెం కిందికి వంగింది. రోజూ తలుపు తాళం వేస్తూ చూసిన మేకే. దాన్ని ఎందుకు పీకలేదని కూడా అతను ఎన్నడూ అడగలేదు.

"ఏవండీ, ఎంతసేపు అక్కడే నిలబడతారు? లోపలికి రండి, భక్ష్యాలు చల్లారిపోతున్నాయి!" నాగరత్నం కేక వినిపించింది.

బోర్డు చేతిలో పట్టుకుని అతను రెండు తలుపులవైపూ చూశాడు. ఆమె ఏ తలుపులోంచి పిలిచిందో వెంటనే అర్థం కాలేదు.