పరుపులాయనకు వినతిపత్రం

మంగళవారం డాక్టరు ఇచ్చిన కాగితం మీద పైననే ఒక నవ్వే పువ్వు బొమ్మ ఉన్నది. దాన్ని చూడంగనే దత్తాత్రికి సగం పానం పోయింది. నలభై ఆరేండ్ల మనిషి, గొల్లభామ చీరెలు నేసి నేసి నడుము వంగినోడు, బీమారి పడి దవాఖానకు పోతే పువ్వు బొమ్మ చేతుల పెడ్తరా?

"మందులు మాత్రం మానొద్దు," అన్నడు డాక్టరు. పట్నం నుంచి వారానికొకసారి బస్సుల వచ్చి పోయేటాయన. "మందులతో పాటు ఇవి కూడా చెయ్యాలి. రోజూ మూడు మంచి సంగతులు రాయండి. మీకు బాగా వచ్చిన పనిని ఏదైనా కొత్త చోట వాడండి. మీకు మేలు చేసిన మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా చదివి వినిపించి, కింద సంతకం తీసుకోండి. వచ్చే మంగళవారం ఈ కాగితం చూపిస్తే అప్పుడు మగ్గం సంగతి ఆలోచిద్దాం."

మగ్గం సంగతి ఏందంటే, దత్తాత్రి బీమారికి డాక్టరు బైపోలార్ అని పేరు పెట్టిండు, వాడకట్టోళ్లు ఎక్కుడు దిగుడు అని పెట్టిన్రు. దిగినప్పుడు ముసుగుదన్ని నెలలకు నెలలు లేవడు. ఎక్కినప్పుడు కన్ను మూయడు. మొన్న ఎక్కినప్పుడు మూడు దినాలు మగ్గం దిగకుండ నేసిండు. చీరె అంచుకు జానెడు దూరానికొక, నెత్తిన చల్లకుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ రావాలె. ఈయన సందు లేకుండ, భుజం భుజం రాసుకునేటట్టు నేసిండు. సొసైటీ గుమాస్తా మడత విప్పి చూసి, "గిదేందన్నా, గొల్లభామలు రాస్తారోకో చేస్తున్నయా?" అన్నడు. గా దినమే ఇంటామె శైలజ నాడె తీసి సందూకల పెట్టి తాళమేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నది. పోగును అటు ఇటు ఉరికించే గా నాడె లేకుంటే మగ్గం ఉత్త కట్టెల మోపు. మగ్గం లేకుంటే దత్తాత్రి అంతకన్న ఉత్త మనిషి. అందుకే పువ్వు బొమ్మను గూడ మడత పెట్టి అంగి జేబుల పెట్టుకున్నడు.

డాక్టరు ఎక్కి పోయిన బస్సే ఆఖరు బస్సు. తెల్లారి నుంచి బస్సులోళ్లు గూడ సకల జనుల సమ్మెల కలిసిన్రు. బడి బంద్, ఆఫీసు బంద్, కచేరి బంద్. తెలంగాణ ఇచ్చేదాక ఏదీ తెరిచేది లేదన్నరు. ఊరంత మూతబడ్డంక మూడు మంచి సంగతులు యాడికెల్లి తేవాలె? దత్తాత్రి పెన్ను నోట్ల పెట్టుకోని అరగంట కూసున్నడు. ఆఖరుకు రాసిండు:

ఒకటి. బస్సులు లేవు గన్క బామ్మర్ది రాలే.

రెండు. కరెంటు పోయింది గన్క టీవీల లీడర్లు నోరు మూసిన్రు.

మూడు. పప్పుల ఉప్పు ఎక్కువ గాలే. అసలు ఎయ్యనే లేదు.

శైలజ చదివి నడుముకు చెయ్యి పెట్టింది. "మా తమ్ముడు రాకపోవుడు మంచి సంగతా?"

"నాకు మంచిదే."

ఆమె ఊకుండలే గని లోపల నిమ్మళపడ్డది. ఎందుకంటే ఆమె లెక్క ఆమెకున్నది. మూడుకు తక్కువ రాస్తే మనిషి దిగుతుండు, ఐదుకు ఎక్కువ రాస్తే ఎక్కుతుండు. గురువారం ఏడు రాసిండు. ఆమె పెన్ను చేతికిచ్చింది. "నాలుగు కొట్టెయ్," అన్నది. కొట్టేసిండు. ఆ కొట్టేసినయాట్ల "నా పెండ్లాం మంచిది" అన్నది గూడ పోయింది.

ఇగ చేతనైన పనిని కొత్త చోట వాడుడు. దత్తాత్రికి చేతనైంది ఒక్కటే, తెగిన పోగు అతుకుడు, ముడి ఏసుడు. పాత బస్టాండు కాడ రిలే నిరాహార దీక్ష డేరా గాలికి కొట్టుకుంటుంటే పోయి నాలుగు మూలల ముడులేసి వచ్చిండు. శనివారం పోలీసోళ్లు డేరా పీకనీకి వచ్చిన్రు. అరగంట గుంజిన్రు. గుంజలు ఊడినయి గని ముడి ఊడలే. ఆఖరుకు ముడిని గుంజతోని సహా జీపులేసుకోని పోయిన్రు. సిద్దిపేటల అరెస్టయిన మొదటి ముడి గదే. డేరా నడిపే రాజమల్లయ్య ఆ పొద్దే దత్తాత్రి భుజం తట్టి, "ఉద్యమానికి నీ అసొంటోళ్లు గావాలె దత్తన్నా," అన్నడు. దత్తాత్రి కాగితం మీద రెండో పనికి గీత కొట్టుకున్నడు.

మిగిలింది ఉత్తరం. ఎవలకు రాయాలెనో ఆలోచించే పని లేకుండె. నిస్సార్‌కే.

నిస్సార్ పరుపులు, దిండ్లు కుట్టేటోడు. దుకాణం రెండు గల్లీల అవతల. రెండేండ్ల కింద దత్తాత్రి దిగినప్పుడు, చుట్టాలు వచ్చి ధైర్యం చెప్పి, చాయ్ తాగి పోయిన్రు. నిస్సార్ ధైర్యం గీర్యం చెప్పలే. దూది మూటలు, ఏకే విల్లు నెత్తిన పెట్టుకోని వచ్చి దత్తాత్రి ఇంటి అరుగు మీద దుకాణం పెట్టిండు. నలభై దినాలు అక్కడనే దూది ఏకిండు. గోడ అవతల ముసుగులున్న దత్తాత్రికి పొద్దంత టుంగు టుంగుమని విల్లు చప్పుడు. బువ్వల దూది, నీళ్లల్ల దూది. మధ్యల ఒకసారి లోపలికి తొంగి చూసి, "బతికున్నవా రే? నీళ్లు తాగు," అనేటోడు. గంతే.

గా మనిషికి థాంక్సు చెప్పాలె. అదీ మొఖం మీద. సిద్దిపేటల దోస్తుకు థాంక్సు చెప్పుడంటే, ఇయ్యాల్టితోని నీకు నాకు సంబంధం తీరింది అన్నట్టు. డాక్టరుకు ఆ సంగతి ఎరుక లేదు. ఆయనకు పువ్వు బొమ్మలే ఎరుక.

సోమవారం దత్తాత్రి ఇస్త్రీ అంగి ఏసుకోని, ఉత్తరం చేతుల పట్టుకోని ఎల్లిండు. తప్పు ఆడనే జరిగింది. ఆ దినాల ఇస్త్రీ అంగి మనిషి కాగితం పట్టుకోని నడిస్తే అది వినతిపత్రమే, వేరే తీరు లేదు. మళ్ల నిలబెట్టిన డేరా ముంగటికెల్లి పోతుంటే రాజమల్లయ్య ఆపిండు.

"వినతిపత్రమా దత్తన్నా?"

దత్తాత్రి బీమారి సంగతి బజార్ల చెప్పలేక "ఊ" అన్నడు.

"ఎవలకు?"

"నిస్సార్‌కు."

"పరుపుల నిస్సార్‌కా?" రాజమల్లయ్య కండ్లు చిన్నగ చేసి ఆలోచించిండు. ఆయన బాధ ఆయనది. విగ్రహాలకు వినతిపత్రం ఇచ్చుడు అయిపోయింది, బర్రెకు ఇచ్చుడు అయిపోయింది, గాడిదకు ఇస్తే అది కాగితం తిన్నది. పేపరు విలేకరి భానుప్రకాశ్ పొద్దున్నే, కొత్త తీరు లేకుంటే ఫోటో పెట్టనన్నడు. రాజమల్లయ్య ఒక్కసారే తొడ కొట్టిండు. "అరే! లీడర్లు పరుపుల మీద పడి నిద్రపోతున్నరు. తెలంగాణ వచ్చేదాక వాళ్లకు పరుపు కుట్టొద్దని! ఏం బుర్ర అన్నా నీది!"

దత్తాత్రి నోరు తెరిచేలోపల డప్పు భూమయ్య డప్పు అందుకున్నడు. యాభై మంది లేచిన్రు. దీక్షల కూసున్నోళ్లు గూడ, గంటసేపు నడిస్తే ఆకలి మర్చిపోతం గదా అని లేచిన్రు.

నిస్సార్ దూరం నుంచే జులూస్‌ను చూసిండు. దుకాణం బంద్ చేపియ్యనీకి వస్తున్నరనుకోని, తానే లోపలికెల్లి షట్టర్ గుంజుకున్నడు.

"చదువు దత్తన్నా, లోపలికి ఇనబడాలె," అన్నడు రాజమల్లయ్య.

"కాగితం పైకి పట్టు, మొఖం ఇటు," అన్నడు భానుప్రకాశ్.

ఇగ తప్పేది లేదు. రేపే మంగళవారం. దత్తాత్రి షట్టర్ రేకుకు మొఖం పెట్టి చదివిండు.

"నిస్సార్ భాయ్. నువ్వు నలభై దినాలు మా అరుగు మీద పరుపులు కుట్టినవ్."

"కుట్టొద్దు! కుట్టొద్దు!" అన్నరు జనం.

"నేను లేవకపోతే నీళ్లు తాగిచ్చినవ్."

"జై తెలంగాణ!"

"నీ విల్లు చప్పుడు ఇంటుంటే, బయట ఒకడు పని చేసుకుంటుండు, నేను పోతే వాని పని ఆగుతది అనుకున్న. అందుకే పోలే."

భూమయ్య డప్పు మీద ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండె. "గిది వినతిపత్రం తీరుగ లేదే," అన్నడు ఒకాయన మెల్లగ. "ఊకో, కొత్త తీరు," అన్నడు రాజమల్లయ్య.

షట్టర్ జానెడు లేచింది. దూది అంటిన చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. కచేరిల సారు అన్నట్టే, లోపలికెల్లి మాట: "మీ వినతిని పరిశీలిస్తం. పెన్నియ్యి."

జనం చప్పట్లు కొట్టిన్రు. నిస్సార్ ఉర్దూల సంతకం పెట్టి, కాగితంతోని పాటు దత్తాత్రి చెయ్యి గూడ పట్టి లోపలికి గుంజిండు. దత్తాత్రి బోర్లపడి షట్టర్ కిందికెల్లి పాకిండు.

లోపల నిస్సార్ మొఖం ఎర్రగున్నది. "క్యా రే దత్తూ, థాంక్స్ చెప్తవా? నేను పరాయోణ్నా?"

"డాక్టర్ చెప్పుమన్నడు భాయ్."

"నీ డాక్టర్‌కేం ఎరుక? నా దుకాణం కప్పు కారుతుండె. నీ అరుగు ఖాళీగుండె. వచ్చిన. గంతే!"

"ఎండాకాలంల కప్పు కారిందా?"

"వానలు పడ్డయి అప్పుడు. నీకేమెరుక, ముసుగుదన్ని పన్నవ్."

దత్తాత్రికి నిజంగనే ఎరుక లేదు. ఆ నలభై దినాల వాన పడ్డదా ఎండ కొట్టిందా, ఎవల్ని అడగాలె?

తెల్లారి మంగళవారం సంతకం కాగితం పట్టుకోని మొగడు పెండ్లాం దవాఖానకు పోతే డాక్టరు లేడు. బస్సులు లేకుంటే ఆయన ఎట్ల వస్తడు? కంపౌండర్ వారానికి సరిపడ గోలీలిచ్చి పంపిండు. "అన్నీ చేసిన గదనే, నాడె ఇయ్యి," అన్నడు దత్తాత్రి. "డాక్టరు చెప్పంది ఇయ్య," అన్నది శైలజ. దత్తాత్రి ఆ పొద్దు ఒక్కటే మంచి సంగతి రాసిండు: దవాఖాన దగ్గర్నే ఉన్నది. ఆమె ఆ ఒక్కటిని చూసి నిద్ర పోలే.

బుధవారం పేపర్ల ఫోటో వచ్చింది. పరుపులు కుట్టనని నిస్సార్ ప్రతిజ్ఞ చేసిండట. చేసినట్టు నిస్సార్‌కు గూడ పేపర్ల చూసినంకనే తెలిసింది. ఇగ దుకాణం తెరిస్తే ఉద్యమ ద్రోహి. తెరవకుంటే శుక్రవారం పెండ్లికి ఒప్పుకున్న ఆరు పరుపులు ఏంగావాలె? నిస్సార్ దూది మూటలు, విల్లు నెత్తిన పెట్టుకోని మళ్ల దత్తాత్రి అరుగెక్కిండు. ఈసారి అడ్డం చీరె కట్టిండు.

టుంగు టుంగుమని విల్లు మొదలైందో లేదో, గల్లీల రాజమల్లయ్య నిలబడ్డడు.

"గదేం చప్పుడు చెల్లే?"

"మగ్గమన్నా," అన్నది శైలజ, తడుముకోకుండ.

"దత్తన్న మగ్గం బందని ఊరంత ఎరుకే."

"ఇయ్యాల్నే మొదలు పెడుతుండు."

"ఏది, మొదలు పెట్టుమను. ఉద్యమంల పనిచేసే మనిషి మగ్గం, చప్పుడు నేను గూడ ఇంట."

శైలజ మొగని దిక్కు చూసింది. దత్తాత్రి ఆమె కొంగు దిక్కు చూసిండు. ఆమె లోపలికి పోయింది. కొంగు ముడి ఇప్పనీకి ఇంతసేపు పట్టింది. సందూక తెరిచి నాడె తెచ్చి ఆయన చేతుల పెట్టి, "పొద్దుగూకంగనే దిగాలె. జానెడుకొక్క గొల్లభామ. నేను కొలుస్త," అన్నది చెవిల.

దత్తాత్రి మగ్గం గుంతలకు దిగి కూసున్నడు. కాళ్లు తొక్కుడు చెక్కలను అవే ఎతుక్కున్నయి. టక్ టక్. చీరె అడ్డం అవతల టుంగు టుంగు. రాజమల్లయ్య చానసేపు చెవి పెట్టి విన్నడు.

"మంచిగ నడుస్తున్నది చెల్లే. మగ్గాలైతే సమ్మెల లేవు. నడుపుకొమ్మను." పోయిండు. మీసాల మీద ఇంత దూది ఉన్నది. చూసుకున్నడో లేదో, తుడుచుకోకనే పోయిండు.

పొద్దుగూకంగ శైలజ మొదలు అంచు కొలిచింది. జానెడు సరిగ్గ ఉన్నది. తర్వాత కాగితం అడిగింది.

ఒకటి. నాడె.

రెండు. నిస్సార్ భాయ్ దుకాణం బందయింది.

మూడు. బువ్వల దూది పడ్డది.

"దుకాణం బందుడు, బువ్వల దూది పడుడు మంచి సంగతులా?" అన్నది.

దత్తాత్రి నాలుక మీది దూది పోగును వేళ్లతోని తీసి, వెలుగుకు పట్టి చూసిండు.

"నాకు మంచిదే."